పాత జంట ప్రాసెసర్ కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలేషన్: చిక్కులు, పరిష్కారాలు

ఒకే మదర్‌బోర్డు మీద రెండు విడివిడి ప్రాసెసర్ చిప్‌లు అమర్చి, రెండూ ఒకే మెమరీని పంచుకునేలా తయారైన కంప్యూటర్లను జంట ప్రాసెసర్ యంత్రాలు అంటారు. 1990ల మధ్య నుంచి 2000ల మధ్య వరకు సర్వర్లుగా, ఇంజినీరింగ్, గ్రాఫిక్స్ వర్క్‌స్టేషన్లుగా ఇవి విరివిగా వాడుకలో ఉండేవి. ఒకే చిప్‌లో రెండు కోర్లు ఇమిడిన డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 2005లో వచ్చాక మామూలు వాడకంలో వీటి అవసరం తగ్గింది. అయినా పాత సాఫ్ట్‌వేర్ నడపడానికి, ప్రయోగశాల పరికరాలకు జతగా, చదువు కోసం, సేకరణ మీద ఆసక్తితో వీటిని నిలబెట్టుకుంటున్నవారు ఉన్నారు. ఈ వ్యాసం ఇంటెల్, ఏఎండీ 32 బిట్ ప్రాసెసర్ల యంత్రాలకు పరిమితం.

ఇలాంటి యంత్రంలో ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతే ముందు అనుమానం రెండో ప్రాసెసర్ మీదికే పోతుంది. నిజానికి దోషం ఎక్కువసార్లు ఇంటరప్ట్‌లు ప్రాసెసర్లకు చేరే దారిలోనో, డిస్క్ కంట్రోలర్‌లోనో, ఏళ్లు గడిచి నీరసించిన విద్యుత్ భాగాల్లోనో ఉంటుంది. అందుకే యంత్రాన్ని ముందు ఒంటి ప్రాసెసర్‌తో నిలబెట్టి, ఆ తర్వాత ఒక్కొక్క అంశాన్నే చేర్చుకుంటూ పోవడం నమ్మదగిన పద్ధతి.

నేపథ్యం

తొలి రోజుల్లో రెండు ప్రాసెసర్లను కలిపే తీరు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉండేది. 1989లో వచ్చిన కాంపాక్ సిస్టమ్‌ప్రో ఇందుకు ఉదాహరణ. దాని నిర్మాణం తెలిసిన ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే రెండో ప్రాసెసర్‌ను వాడగలిగేది. ఇంటెల్ 1994లో మల్టీప్రాసెసర్ స్పెసిఫికేషన్‌ను, అంటే ఎంపీఎస్ 1.1ను, 1995లో దాని 1.4 వెర్షన్‌ను ప్రకటించాక పరిస్థితి మారింది. అదే కాలంలో పెంటియం చిప్‌లోకే లోకల్ ఏపిక్ అనే ఇంటరప్ట్ నియంత్రణ భాగం వచ్చి చేరింది. దాంతో ఒకే కెర్నెల్ వేర్వేరు కంపెనీల బోర్డుల మీద నడవడం సాధ్యమైంది. 1995లో పెంటియం ప్రో, 1997లో పెంటియం 2, 1999లో పెంటియం 3, 2001లో అథ్లాన్ ఎంపీ వచ్చాయి. 1996 చివర్లో వెలువడిన ఏసీపీఐ ప్రమాణం క్రమంగా ఎంపీఎస్ స్థానాన్ని ఆక్రమించింది. ఈ రెండు ప్రమాణాల నడుమ తయారైన బోర్డులే ఇన్‌స్టాలేషన్‌లో ఎక్కువ ఇబ్బంది పెడతాయి. వాటి బయోస్‌లో ప్రాసెసర్ల వివరాలు చెప్పే రెండు రకాల పట్టికలూ ఉంటాయి, రెండూ సరిగ్గా ఉంటాయన్న భరోసా మాత్రం ఉండదు.

రెండో ప్రాసెసర్ మేల్కొనే క్రమం

కరెంటు ఇవ్వగానే రెండు ప్రాసెసర్లలో ఒకటి బూట్ ప్రాసెసర్‌గా ఖాయమవుతుంది. రెండోది పక్కన ఆగి ఉంటుంది. బయోస్ మెమరీలో ఒక పట్టిక రాసిపెడుతుంది. ఎన్ని ప్రాసెసర్లు ఉన్నాయి, ఇంటరప్ట్‌లను పంచే ఐఓ ఏపిక్ ఏ చిరునామాలో ఉంది, ఏ పీసీఐ స్లాటు నుంచి వచ్చే ఇంటరప్ట్ దాని ఏ కాలికి చేరుతుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. కెర్నెల్ ఆ పట్టికను వెతికి చదివి, ఆగి ఉన్న ప్రాసెసర్‌కు మొదట ఇనిట్ సంకేతాన్ని, ఆపైన స్టార్టప్ సంకేతాన్ని పంపుతుంది. రెండో ప్రాసెసర్ మొదటి మెగాబైటు లోపలి ఒక చిరునామా నుంచి 16 బిట్ స్థితిలో పని మొదలుపెట్టి, కెర్నెల్‌కు తన హాజరు తెలుపుతుంది.

దీంతోపాటు ఇంటరప్ట్‌ల బాధ్యత కూడా చేతులు మారుతుంది. పాత పద్ధతిలో రెండు 8259 చిప్‌లు కలిసి 15 ఇంటరప్ట్ లైన్లు ఇచ్చేవి. జంట ప్రాసెసర్ పద్ధతిలో ఆ పని ఐఓ ఏపిక్‌కు మారుతుంది. దానికి సాధారణంగా 24 లైన్లు ఉంటాయి. పట్టిక చదవడం, రెండో ప్రాసెసర్‌ను లేపడం, ఇంటరప్ట్‌లను మళ్లించడం అనే మూడు ఘట్టాలూ ఒంటి ప్రాసెసర్ యంత్రాల్లో అప్పట్లో ఉండేవి కావు.

ఆనాటి ఇన్‌స్టాలేషన్ సీడీల్లో చాలావాటి నుంచి బూట్ అయ్యేది ఒంటి ప్రాసెసర్ కెర్నెలే. అందువల్ల ఇన్‌స్టాలేషన్ చివరిదాకా సాఫీగా సాగి, రీస్టార్ట్ అయ్యాక రెండు ప్రాసెసర్లనూ వాడే ఎస్‌ఎంపీ కెర్నెల్ మొదటిసారి లోడైనప్పుడు యంత్రం బిగుసుకుపోవడం మామూలు. కొత్తగా ఎక్కిన సిస్టమ్ పాడైందనుకుని మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తే ఫలితం ఉండదు. అక్కడ మారినది కెర్నెల్ ఒక్కటే. రెడ్ హ్యాట్ లినక్స్ పాత వెర్షన్లు ఈ అవసరం గుర్తించి, రెండు ప్రాసెసర్లు కనిపిస్తే రెండు రకాల కెర్నెళ్లూ ఎక్కించి, బూట్ మెనూలో ఒంటి ప్రాసెసర్ కెర్నెల్‌కు లినక్స్-యూపీ అని విడిగా పేరు పెట్టేవి.

ఆగిన చోటును బట్టి కారణం

సీడీ అసలు బూటే కాకపోతే బయోస్‌లో బూట్ క్రమం, సీడీ డ్రైవ్ లెన్సు, డిస్కు రాసిన తీరు చూడాలి. సీడీ నుంచి బూట్ అయ్యే ఎల్ టోరిటో ప్రమాణం 1995లో వచ్చింది. అంతకు ముందరి బోర్డులకు బూట్ ఫ్లాపీ తప్పనిసరి. పాత డ్రైవులు తిరగరాసే సీడీలను సరిగ్గా చదవలేకపోవచ్చు కాబట్టి ఒక్కసారే రాసే సీడీ మీద, తక్కువ వేగంతో రాయడం మేలు. యూఎస్‌బీ నుంచి బూట్ కాని బోర్డులకు ప్లాప్ వంటి బూట్ మేనేజర్‌ను ఫ్లాపీలోనో సీడీలోనో పెట్టుకోవచ్చు.

ఫైళ్లు కాపీ అవుతుండగా ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర ఆగితే సీడీని అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కో ఫైలు దగ్గర ఆగితే ర్యామ్, వేడి, పవర్ సప్లైలను చూడాలి. డిస్క్ కనిపించడం లేదని ఇన్‌స్టాలర్ చెబితే కంట్రోలర్ డ్రైవర్ లేదని అర్థం. ఇన్‌స్టాలేషన్ పూర్తయ్యాక బూట్ లోడర్ దగ్గరే నిలిచిపోతే అది డిస్క్ హద్దుల సమస్య. కెర్నెల్ లోడై, రెండో ప్రాసెసర్‌ను లేపుతున్నట్టు కనిపించాక తెర కదలకపోతే అప్పుడు మాత్రమే జంట ప్రాసెసర్ చిక్కుల్లోకి వెళ్లాలి.

హార్డ్‌వేర్ పరీక్ష

ఇన్‌స్టాలేషన్‌కు ముందు సౌండ్ కార్డు, మోడెమ్, అదనపు డిస్కులు అన్నీ తీసేసి, ప్రాసెసర్లు, ఒక ర్యామ్ స్టిక్, గ్రాఫిక్స్ కార్డు, ఒక డిస్క్, సీడీ డ్రైవ్ మాత్రమే ఉంచాలి. రెండు ప్రాసెసర్ల వేగం, బస్ వేగం, క్యాష్ పరిమాణం సమానంగా ఉండాలి. స్టెపింగ్, అంటే చిప్ తయారీలో సవరణ సంఖ్య, కూడా ఒకటే అయితే మంచిది. స్లాట్ 1 తరహా బోర్డుల్లో ఒకే ప్రాసెసర్‌తో పరీక్షించాలంటే ఖాళీ స్లాటులో టెర్మినేటర్ కార్డు ఉంచాలి. అది లేకపోతే బస్ మీద సంకేతాలు చెదిరి, బాగున్న ప్రాసెసర్ కూడా పాడైనట్టు కనిపిస్తుంది.

మెమ్‌టెస్ట్86 లేదా మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడిపి, ఒక్క తప్పు కూడా లేకపోతేనే ముందుకు వెళ్లాలి. ప్రాసెసర్ల చుట్టూ ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను టార్చి వెలుగులో చూడాలి. పైభాగం సమతలంగా ఉంటే మంచిదే. ఉబ్బినా, పైన గోధుమరంగు మరక ఉన్నా, అడుగున జిగురు కారినా వాటిని మార్చాలి. 2000 సంవత్సరానికి అటూ ఇటూ తయారైన బోర్డుల్లో ఈ లోపం విస్తృతంగా బయటపడింది. ఒక ప్రాసెసర్‌తో చక్కగా నడిచి, రెండోది చేర్చగానే తడబడే బోర్డులో చాలని విద్యుత్ సరఫరా, బలహీన కెపాసిటర్లు ప్రధాన అనుమానితులు. బయోస్ అమరికలను నిలిపే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీని కూడా మార్చేయాలి. అది అయిపోతే ఎన్ని అమరికలు సరిచేసినా మర్నాటికి మొదటికొస్తాయి.

బయోస్ అమరికలు

ముందుగా ప్రాసెసర్ల వేగాన్ని తయారీదారు చెప్పిన స్థాయికి తేవాలి. బయోస్ ఫ్యాక్టరీ అమరికలకు తిరిగి వెళ్లి, ఆపైన అవసరమైనవే మార్చాలి. చాలా బోర్డుల్లో ఎంపీఎస్ వెర్షన్‌ను 1.1, 1.4ల నుంచి ఎంచుకునే వీలుంటుంది. 1.4లో ఒకటికి మించిన పీసీఐ బస్సులను వర్ణించే విస్తరణ ఉంది కాబట్టి విండోస్ 2000, లినక్స్‌లకు అది తగినది. పాత సిస్టమ్ దాన్ని చదవలేక ఆగితే 1.1కు మార్చి చూడాలి. కాంపాక్ ప్రోలియంట్ వంటి సర్వర్లలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించబోతున్నామో సెటప్‌లో ముందే చెప్పాలి. పట్టికలను బయోస్ దాన్ని బట్టే తయారుచేస్తుంది. ఎంపిక తప్పితే రెండో ప్రాసెసర్ కనిపించకపోవచ్చు. కంపెనీ విడుదల చేసిన చివరి బయోస్ అప్‌డేట్ వేయడం వల్ల పట్టికల్లోని తప్పులు చాలావరకు తొలగుతాయి. ఆ అప్‌డేట్‌ను ఒక ప్రాసెసర్‌తో, యంత్రం నిలకడగా ఉన్నప్పుడే వేయాలి.

డిస్క్ హద్దులు

పాత బయోస్‌లు డిస్క్ పరిమాణాన్ని లెక్కించే తీరులో మెట్టుమెట్టుకూ ఒక హద్దు ఉంది. 504 మెగాబైట్లు, 8.4 గిగాబైట్లు, సుమారు 32 గిగాబైట్లు, 137 గిగాబైట్లు అందులో ముఖ్యమైనవి. చివరిది 28 బిట్ల చిరునామా వల్ల వచ్చింది. మొదటి విండోస్ ఎక్స్‌పీ సీడీ కూడా 137 గిగాబైట్లు దాటిన డిస్కును పూర్తిగా చూడలేదు. ఆ సామర్థ్యం సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. విండోస్ ఎన్‌టీ 4 అయితే బూట్ విభాగం మొదటి 7.8 గిగాబైట్ల లోపే ఉండాలి. లినక్స్ బూట్ లోడర్ లిలో పాత వెర్షన్లు కెర్నెల్‌ను మొదటి 1024 సిలిండర్ల లోపల వెతికేవి. బూట్ సమయంలో లిలో పేరులోని తొలి రెండు ఇంగ్లీషు అక్షరాలే తెర మీద కనిపించి ఆగిపోతే, లోడర్ రెండో దశను అమలు చేయలేకపోయిందని అర్థం. డిస్క్ ఆరంభంలో చిన్న బూట్ విభాగం పెట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

విండోస్ కుటుంబం

విండోస్ 95, 98, ఎంఈలు రెండో ప్రాసెసర్‌ను వాడుకోవు. అవి ఎక్కినా సగం యంత్రం ఖాళీగా ఉంటుంది. ఎన్‌టీ 4 వర్క్‌స్టేషన్, విండోస్ 2000 ప్రొఫెషనల్, ఎక్స్‌పీ ప్రొఫెషనల్ రెండు ప్రాసెసర్లను వాడతాయి. ఎక్స్‌పీ హోమ్ ఒకదాన్నే వాడుతుంది.

ఈ కుటుంబంలో హార్డ్‌వేర్‌కూ కెర్నెల్‌కూ మధ్య హాల్ అనే పొర ఉంటుంది. స్టాండర్డ్ పీసీ, ఎంపీఎస్ యూనిప్రాసెసర్, ఎంపీఎస్ మల్టీప్రాసెసర్, ఏసీపీఐ యూనిప్రాసెసర్, ఏసీపీఐ మల్టీప్రాసెసర్ వంటి రకాల్లో ఏది సరిపోతుందో సెటప్ తనే ఎంచుకుంటుంది. ఆ ఎంపిక తప్పుతోందనిపిస్తే, విండోస్ 2000, ఎక్స్‌పీ సెటప్ మొదట్లో అదనపు డ్రైవర్ కోసం ఎఫ్6 నొక్కమన్నప్పుడు ఎఫ్5 నొక్కాలి. అప్పుడు రకాల జాబితా తెరుచుకుంటుంది. ఎఫ్7 నొక్కితే ఏసీపీఐ లేకుండా ఇన్‌స్టాల్ అవుతుంది. ఎఫ్6తో ఇచ్చే డిస్క్ డ్రైవర్‌ను ఎక్స్‌పీ వరకు సెటప్ ఫ్లాపీ నుంచే అడుగుతుంది కాబట్టి పనిచేసే ఫ్లాపీ డ్రైవ్ ఒకటి దగ్గర ఉండాలి.

నీలి తెర మీద 7బి సంఖ్య కనిపిస్తే సిస్టమ్‌కు తన బూట్ డిస్క్ అందడం లేదని అర్థం. కంట్రోలర్ డ్రైవర్ లేకపోవడం దీనికి సాధారణ కారణం. 79 కనిపిస్తే హాల్, కెర్నెల్ పొసగడం లేదు. ఒక ప్రాసెసర్‌తో విండోస్ 2000 లేదా ఎక్స్‌పీ ఎక్కించి తర్వాత రెండోది చేర్చినవారు, డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్ అన్న పద్దు కింద ఏసీపీఐ యూనిప్రాసెసర్‌ను ఏసీపీఐ మల్టీప్రాసెసర్‌గా మార్చుకోవచ్చు. స్టాండర్డ్ పీసీ నుంచి ఏసీపీఐకి ఇలా మారడం మంచిది కాదు. అక్కడ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఎన్‌టీ 4లో ఈ మార్పు కోసం రిసోర్స్ కిట్‌లో అప్‌టుఎంపీ అనే సాధనం ఉంది. మార్పు తర్వాత సర్వీస్ ప్యాక్‌ను మళ్లీ వేయాలి.

లినక్స్

లినక్స్‌కు ఎస్‌ఎంపీ మద్దతు 1996లో 2.0 కెర్నెల్‌తో వచ్చింది. అప్పట్లో కెర్నెల్ అంతటికీ ఒకే పెద్ద తాళం ఉండేది. 2.2, 2.4, 2.6 సిరీస్‌లలో దాన్ని చిన్న చిన్న తాళాలుగా విడగొట్టుకుంటూ వచ్చి, 2011లో 2.6.39తో ఆ పెద్ద తాళాన్ని పూర్తిగా తీసేశారు.

దోషం ఎక్కడుందో తేల్చడానికి లినక్స్ బూట్ ఆప్షన్లను మించిన సాధనం లేదు. నోఎస్‌ఎంపీ అన్న ఆప్షన్ రెండో ప్రాసెసర్‌తోపాటు ఐఓ ఏపిక్‌ను కూడా ఆపేస్తుంది. మాక్స్‌సీపీయూస్=1 అన్నది రెండో ప్రాసెసర్‌ను లేపకుండానే ఐఓ ఏపిక్‌ను మాత్రం వాడుతుంది. నోఏపిక్ ఇస్తే రెండు ప్రాసెసర్లూ పనిచేస్తాయి, ఇంటరప్ట్‌లు మాత్రం పాత 8259 దారిలో వస్తాయి. ఈ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి చూస్తే సగం నిర్ధారణ అయిపోయినట్టే. మొదటిదానితో నడిచి, రెండోదానితో ఆగితే ఇంటరప్ట్ దారి తప్పింది, ప్రాసెసర్ల తప్పు లేదు. మొదటి రెండింటితో నడిచి, మూడోదానితో ఆగితే రెండో ప్రాసెసర్, దాని విద్యుత్ సరఫరా, లేదా ఏదైనా డ్రైవర్ ఎస్‌ఎంపీని తట్టుకోలేకపోవడం కారణం. మూడింటితోనూ ఆగితే చిక్కు ఈ పొరలో లేదు. ర్యామ్ దగ్గరికి, డిస్క్ దగ్గరికి తిరిగి వెళ్లాలి.

ఏసీపీఐ పట్టికల్లో దోషం ఉన్నప్పుడు ఏసీపీఐ=ఆఫ్ ఇస్తే కెర్నెల్ ఎంపీఎస్ పట్టికను ఆశ్రయిస్తుంది. పీసీఐ=నోఏసీపీఐ అయితే ఇంటరప్ట్‌ల కేటాయింపులో మాత్రమే ఏసీపీఐని పక్కన పెడుతుంది. 2001కి ముందరి బయోస్ కనిపిస్తే ఏసీపీఐని తమంతట తామే ఆపేసిన లినక్స్ పంపిణీలు ఉన్నాయి. అక్కడ అవసరమైతే ఏసీపీఐ=ఫోర్స్ ఇవ్వాలి. ఒక్కో చిప్‌ను రెండు ప్రాసెసర్లుగా చూపే హైపర్‌థ్రెడింగ్ ఉన్న జియాన్ యంత్రంలో నాలుగుకు బదులు రెండు ప్రాసెసర్లే కనిపిస్తే ఏసీపీఐ ఆగి ఉందేమో చూడాలి. ఎంపీఎస్ పట్టికలో అదనపు థ్రెడ్ల ప్రస్తావన ఉండదు. రెండు ప్రాసెసర్లు నడుస్తున్నప్పుడు విద్యుత్ నియంత్రణకు వాడే పాత ఏపీఎం పద్ధతిని కెర్నెల్ ఆపేస్తుంది కాబట్టి షట్‌డౌన్ తర్వాత కరెంటు దానంతట అది ఆగకపోతే కంగారు పడనక్కర్లేదు.

దగ్గరి నుంచి ఒక ఉదాహరణ: ఏబిట్ బీపీ6

1999లో వచ్చిన ఏబిట్ బీపీ6 బోర్డు చవకైన సెలెరాన్ చిప్‌లను ఏ మార్పూ లేకుండా జంటగా నడిపి పేరు తెచ్చుకుంది. సెలెరాన్‌ను జంటగా వాడటానికి ఇంటెల్ ఉద్దేశించలేదు. 440బీఎక్స్ చిప్‌సెట్, రెండు సాకెట్ 370లు, 768 మెగాబైట్ల దాకా మెమరీ, చిప్‌సెట్‌లోని రెండు ఐడీఈ చానళ్లతోపాటు హెచ్‌పీటీ366 అనే వేగవంతమైన కంట్రోలర్ ద్వారా మరో రెండు చానళ్లు దీని హంగులు.

చిక్కు ఆ అదనపు కంట్రోలర్‌తోనే మొదలవుతుంది. వేగం కోసం డిస్కును దానికి తగిలిస్తే, డ్రైవర్ లేని ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు. లినక్స్ 2.2 కెర్నెల్‌కు విడిగా ప్యాచ్ వేయాల్సి వచ్చేది. 2.4లో మద్దతు చేరింది. డిస్కును మొదట చిప్‌సెట్ చానల్‌కు తగిలించి ఇన్‌స్టాలేషన్ ముగించి, డ్రైవర్ ఉన్న కెర్నెల్ సిద్ధమయ్యాకే అటు మార్చడం తేలిక దారి. మార్చినప్పుడు లినక్స్‌లో హెచ్‌డీఏగా ఉన్న డిస్కు పేరు హెచ్‌డీఈ అవుతుంది. బూట్ లోడర్‌లో, విభాగాల పట్టిక ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఆ పేరు సవరించకపోతే రూట్ విభాగం దొరకలేదంటూ కెర్నెల్ ఆగిపోతుంది.

ఈ బోర్డు మీద లినక్స్ 2.4 నడిపినవారికి తెర మీద ఏపిక్ ఎర్రర్ అంటూ, పక్కన ప్రాసెసర్ సంఖ్య, ఒక కోడ్‌తో వరుసగా వచ్చే సందేశాలు బాగా పరిచయం. ఆ తరం ప్రాసెసర్లు ఇంటరప్ట్ సందేశాలను మూడు తీగల ప్రత్యేక బస్ మీద పంపుకునేవి. కోడ్ 02 అయితే అందుకున్న సందేశం చెక్‌సమ్ తప్పింది. 08 అయితే అందిన సందేశాన్ని ఎవరూ స్వీకరించలేదు. కెర్నెల్ కొన్నింటితో సర్దుకుపోతుంది, మరీ ఎక్కువైతే యంత్రం బిగుసుకుపోతుంది. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ను ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. 66 మెగాహెర్ట్జ్ బస్‌ను 100కు పెంచి 300 మెగాహెర్ట్జ్ చిప్‌ను 450 దగ్గర నడుపుతుంటే ముందు అది మానేయాలి. తర్వాత వేడి, పవర్ సప్లై చూసి, అప్పటికీ సందేశాలు ఆగకపోతే కెపాసిటర్లు మార్చాలి.

ఇతర యంత్రాలు, ఇతర సిస్టమ్‌లు

2001 నాటి తొలి జంట అథ్లాన్ బోర్డు టయాన్ థండర్ కే7కు ప్రత్యేక కనెక్టర్ ఉన్న పవర్ సప్లై కావాలి. ఆపై వచ్చిన ఏఎండీ 760ఎంపీఎక్స్ చిప్‌సెట్ తొలి విడతల్లో యూఎస్‌బీ లోపం ఉండటంతో తయారీదారులు విడిగా పీసీఐ యూఎస్‌బీ కార్డు ఇచ్చేవారు. ఆ బోర్డుల మీద యూఎస్‌బీ కీబోర్డు బదులు పీఎస్2 కీబోర్డుతో ఇన్‌స్టాల్ చేయడం క్షేమం.

ఫ్రీబీఎస్‌డీకి 1998లో 3.0తో, ఇంటెల్ తరహా యంత్రాల మీద నెట్‌బీఎస్‌డీకి 2.0తో, ఓపెన్‌బీఎస్‌డీకి 3.6తో, ఈ రెండింటికీ 2004లో, ఎస్‌ఎంపీ మద్దతు వచ్చింది. ఓపెన్‌బీఎస్‌డీలో జంట ప్రాసెసర్ కెర్నెల్ వేరే ఫైలు. పాత వెర్షన్లలో దాన్ని మనమే ఎంచుకుని పెట్టుకోవాలి.

ఏ సిస్టమ్ ఎంచుకోవాలి

ప్రాసెసర్‌లో లేని సూచనలను సిస్టమ్ కోరితే ఏ మరమ్మతూ పనికిరాదు. విండోస్ 8కి పీఏఈ, ఎన్ఎక్స్, ఎస్ఎస్ఈ2 అనే ప్రాసెసర్ సదుపాయాలు మూడూ ఉండాలి. పెంటియం 3కి, అథ్లాన్ ఎంపీకి చివరి రెండూ లేవు. 2018లో వచ్చిన ఒక నెలవారీ అప్‌డేట్ నుంచి విండోస్ 7 కూడా ఎస్ఎస్ఈ2 లేని ప్రాసెసర్ మీద నీలి తెర చూపసాగింది. 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి తొలి పెంటియం తరగతి చిప్‌లకు మద్దతు లేదు. 2023 నాటి డెబియన్ 12తో 32 బిట్ పీసీల అధికారిక ఇన్‌స్టాలర్ ముగిసింది. 2025లో వచ్చిన డెబియన్ 13లో అది లేదు. నెట్‌బీఎస్‌డీ ఇప్పటికీ ఈ తరగతి యంత్రాలను పట్టించుకుంటోంది.

తెలుగులో పని చేసుకోవాలనుకునేవారికి విండోస్ ఎన్‌టీ 4, 2000లలో తెలుగు లిపి మద్దతు లేదని తెలిసి ఉండాలి. గౌతమి ఫాంటుతో అది ఎక్స్‌పీలో వచ్చింది. ప్రాంతీయ అమరికల్లో సంక్లిష్ట లిపుల ఫైళ్లు ఎక్కించే పెట్టెలో టిక్ పెట్టాలి, అందుకు ఇన్‌స్టాలేషన్ సీడీ మళ్లీ అవసరపడుతుంది. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి కాబట్టి ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలి.

పని పూర్తయిందని నిర్ధారించడం

లాగిన్ తెర రావడంతో పని పూర్తయినట్టు కాదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ పనితీరు పేజీలో రెండు గ్రాఫులు కనిపించాలి. లినక్స్‌లో ప్రాక్ ఫోల్డర్‌లోని ఇంటరప్ట్స్ ఫైలు తెరిస్తే ప్రతి ప్రాసెసర్‌కూ ఒక నిలువు వరుస ఉండాలి. నెట్‌వర్క్ కార్డు, డిస్క్ కంట్రోలర్ ఎదురుగా ఐఓ ఏపిక్ అని ఉంటే కొత్త దారి, ఎక్స్‌టీ పిక్ అని ఉంటే పాత దారి. కాసేపు పెద్ద ఫైళ్లు కాపీ చేసి మళ్లీ చూసినప్పుడు ఆ పరికరాల అంకెలు పెరిగి ఉండాలి. అంకె కదలకుండా, కార్డు టైమౌట్ అయిందని సందేశాలు వస్తుంటే ఇంటరప్ట్ ఎటూ చేరడం లేదు. అదే ఫైలు అడుగున తప్పుల లెక్క చూపే వరుస సున్నాగానే ఉండాలి.

ఆ తర్వాత రెండు ప్రాసెసర్లకూ పూర్తి పని పడేలా, కెర్నెల్‌ను రెండు జాబులతో కంపైల్ చేయడం వంటిది కొన్ని గంటలు నడపాలి. అది తట్టుకున్నాకే తీసి పక్కన పెట్టిన కార్డులను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టి, ప్రతిదాని తర్వాత అదే పరీక్ష చేయాలి. చివరికి నిలకడగా నడిచిన స్థితిలో బయోస్ వెర్షన్, ఎంపీఎస్ ఎంపిక, బూట్ ఆప్షన్లు, డ్రైవర్ల వెర్షన్లు కాగితం మీద రాసి, డిస్క్ మొత్తానికి ఒక ఇమేజ్ తీసి వేరే చోట భద్రపరచాలి. విడిభాగాలు, డ్రైవర్లు దొరకడం ఏటేటా కష్టమవుతున్న ఈ యంత్రాలకు ఆ కాగితం, ఆ ఇమేజ్ ఉంటే తర్వాతి మరమ్మతు చేసేవారు మొదటి నుంచి వెతుక్కునే పని ఉండదు.